రెండు కిలోమీటర్ల మెయిన్ రోడ్డుకి దీపాలు వేయించాలంటే

మీ ఊళ్ళో బస్టాండ్ సెంటర్ నుంచి బైపాస్ దాకా రోడ్డు వెడల్పు చేశారు, మధ్యలో డివైడర్ కట్టారు. ఇక లైట్లు వేయాలని, దాంతోపాటు కాస్త డెకరేషన్ కూడా ఉండాలని కౌన్సిల్లో తీర్మానం అయింది. ఆ ఫైలు మీ బల్ల మీదకి వచ్చిందనుకోండి. మీరు మున్సిపాలిటీలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కావచ్చు, వార్డు కౌన్సిలర్ కావచ్చు, పెద్ద పంచాయతీకి సర్పంచ్ కావచ్చు. ఈ పని నేను చాలా ఏళ్ళు చేశాను. ఏది ముందు ఏది వెనక అన్నది తప్పితే ఎంత డబ్బు పోసినా నడిచేవాడి కాళ్ళ కింద చీకటి పోదు. అందుకే వరస ప్రకారం చెబుతాను.

ముందు రాత్రిపూట నడవండి

కంపెనీల కేటలాగులు తర్వాత చూడొచ్చు. రాత్రి ఎనిమిదిన్నరకి ఒకసారి, పదకొండున్నర దాటాక ఇంకోసారి రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడవండి. రెండు నడకలూ కావాలి. ఎనిమిదిన్నరకి రోడ్డు మీద ఉన్న వెలుతురులో సగం దుకాణాలదే. షట్టర్లు దించాక అసలు చీకటి ఎక్కడుందో బయటపడుతుంది. టేపు, టార్చి, నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని లైన్‌మన్‌ని, ఆ రోడ్డు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టుకుని వచ్చే మనిషికి ఏ మూల భయమో మనకంటే బాగా తెలుసు.

రోడ్డు వెడల్పు ఎక్కడెక్కడ మారుతుందో, డివైడర్‌కి గండ్లు ఎక్కడున్నాయో, జనం నిజంగా రోడ్డు దాటేది ఎక్కడో రాసుకోండి. జీబ్రా గీతలు ఒకచోట ఉంటాయి, జనం దాటేది ఇంకోచోట. స్కూలు గేటు, ప్రభుత్వాసుపత్రి, వైన్ షాపు, ఆటో స్టాండు, గుడి ముందు చెప్పులు విడిచే చోటు, రాత్రిళ్ళు ట్రాక్టర్ ట్రాలీలు ఆపే చోటు, అన్నీ పటంలో గుర్తు పెట్టుకోండి. చెట్లు ఏ జాతివో, కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. ఇవాళ మీ భుజం ఎత్తున్న కానుగ నాలుగేళ్ళలో దీపాన్ని మింగేస్తుంది.

ఒక ఊళ్ళో ఇలా నడుస్తుంటే మిర్చి బజ్జీల బండి ఆవిడ పిలిచింది. “లైటుంది సార్, నా కళ్ళల్లోకే ఉంది. బండి ముందు నిలబడ్డోళ్ళ మొగం అవపడదు” అంది. పైకి చూస్తే దీపం తల పాతిక డిగ్రీలు పైకెత్తి ఉంది. రోడ్డు అవతలి అంచు దాకా వెలుగు రావాలని బిగించినవాడు అలా వంచాడు. వెలుగు రోడ్డు దాటిపోయి ఎదురు మేడ కిటికీల్లో పడుతోంది, బండి దగ్గర నీడ మిగిలింది. ఆ ఒక్క మాటతో ఆ వరసలో ముప్పై దీపాల వంపు సరిచేశాం. కొత్త దీపాలు కొనక్కర్లేకపోయింది.

రోడ్డు ఎవరిది, కింద ఏముంది

ఆర్ అండ్ బీ వాళ్ళదా, నేషనల్ హైవేదా, మున్సిపాలిటీదా తేల్చుకుని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నీళ్ళ పైపులు, డ్రైనేజీ, ఫైబర్ కేబుళ్ళు ఎక్కడ పోతున్నాయో ఆయా శాఖల వాళ్ళని స్థలానికి పిలిపించి సున్నంతో గీయించండి. 11 కేవీ లైను కిందగానీ పక్కనగానీ స్తంభం వచ్చేచోట డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇంజనీరుతో కలిసి తిరిగి స్థలం మార్చుకోండి. లైను దగ్గర క్రేన్ ఎత్తే రోజున ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) చేతికి రానిదే పని మొదలుపెట్టనివ్వకండి, ఎవరెంత తొందరపెట్టినా.

ఎంత వెలుతురు కావాలి

దీనికి మన దేశంలో ప్రమాణం ఉంది: ఐఎస్ 1944. వేగంగా, ఒత్తుగా వాహనాలు తిరిగే పెద్ద రోడ్లు ఏ1 తరగతి, వాటికి సగటున 30 లక్స్ (రోడ్డు మీద పడే వెలుగుకి కొలత). ఊళ్ళ ప్రధాన రోడ్లు ఏ2, వాటికి 15. దుకాణాలున్న లోపలి రోడ్లు బీ1, 8 లక్స్. తక్కువ రద్దీ వీధులు బీ2, 4 లక్స్. మన రెండు కిలోమీటర్ల రోడ్డు ఏ2 కిందికి వస్తుంది.

సగటు ఒక్కటీ చూసి సంతోషపడకండి. అదే ప్రమాణం ఇంకో లెక్క కూడా అడుగుతుంది: ఏ1, ఏ2 రోడ్లలో అతి తక్కువ వెలుగున్న చోటు సగటులో 0.4 వంతుకి తగ్గకూడదు. అంటే సగటు 15 ఉంటే ఎక్కడా 6 లక్స్ కంటే దిగకూడదు. నన్నడిగితే సగటు కంటే ఇదే ముఖ్యం. స్తంభం కింద 40 లక్స్, మధ్యలో 2 ఉంటే డ్రైవరు కళ్ళు ఆ 40కి అలవాటుపడిపోతాయి. ఆ మధ్యలో రిఫ్లెక్టర్ లేకుండా ఆగివున్న ట్రాలీ, పడుకున్న గేదె, నల్ల చొక్కా మనిషి కనబడరు.

దీపం రంగు గురించి కూడా ఇక్కడే తేల్చుకోండి. దీన్ని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలి తెలుపవుతుంది. 5700, 6500 కెల్విన్ తెల్లటి నీలి వెలుగు కేటలాగులో మెరుస్తుంది గానీ రాత్రి కళ్ళకి గుచ్చుకుంటుంది. ఇళ్ళున్న భాగంలో 3000, రద్దీ భాగంలో 4000 చాలు. తొలకరి తర్వాత ఉసుళ్ళు కూడా వెచ్చటి రంగు దీపాల చుట్టూ తక్కువ మూగుతాయి. రోడ్డు సముద్రం ఒడ్డున పోతుంటే ఇంకో సంగతి. జనవరి నుంచి ఏప్రిల్, మే దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రి బయటికొచ్చి వెలుగున్న దిక్కునే సముద్రం అనుకుని పాకుతాయి. మన దీపం ఇసుక మీద పడితే అవి రోడ్డు మీదకి వస్తాయి. అక్కడ దీపానికి ఒడ్డువైపు మూత పెట్టించండి, పసుపు రంగు దీపం వాడండి, ఇసుక మీదకి ఏ డెకరేషన్ వెలుగూ తిప్పకండి.

ఎత్తు, దూరం, లెక్క

స్తంభాలు ఏ వరసలో పెట్టాలన్నదానికి తేలికైన సూత్రం ఉంది. రోడ్డు వెడల్పు దీపం ఎత్తుకి సమానంగానో తక్కువగానో ఉంటే ఒకవైపు వరస చాలు. వెడల్పు ఎత్తుకి ఒకటిన్నర రెట్ల దాకా ఉంటే రెండువైపులా ఎగుడుదిగుడుగా, అంటే ఇటొకటి అటొకటి పెట్టండి. అంతకంటే వెడల్పైతే రెండువైపులా ఎదురెదురుగా. డివైడర్ ఉన్నచోట మధ్యలో రెండు చేతుల స్తంభాలు వేస్తే కేబులూ తక్కువ, పునాదులూ తక్కువ. స్తంభాల మధ్య దూరం ఎత్తుకి మూడు నుంచి నాలుగు రెట్లు.

మన రోడ్డు డివైడర్‌కి ఒక్కోవైపు 7 మీటర్లు అనుకుందాం. 9 మీటర్ల ఎత్తులో దీపం, 30 మీటర్లకో స్తంభం, 90 వాట్ల ఎల్‌ఈడీ. దీపం నుంచి వచ్చే మొత్తం వెలుగుకి కొలత ల్యూమెన్; వాట్‌కి 130 ల్యూమెన్ల చొప్పున 11,700 ల్యూమెన్లు. అందులో రోడ్డు మీద నిజంగా పడేది దాదాపు 0.4 వంతు. దుమ్ము, వయసు వల్ల తగ్గేది లెక్కేసి 0.75తో గుణించండి. 3,510 వస్తుంది. దాన్ని ఒక దీపం వంతుకొచ్చే రోడ్డు వైశాల్యంతో, అంటే 7ని 30తో గుణిస్తే వచ్చే 210తో భాగిస్తే 16.7 లక్స్. 15 దాటింది కాబట్టి ఈ అమరిక ఆలోచించదగ్గదే.

ఇది వేళ్ళ మీద లెక్క. టెండరుకి ముందు డయలక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీయించి చూడండి, అది ఉచితమే. కంపెనీ దగ్గర ఆ దీపం కాంతి ఫైలు అడగండి, ఐఈఎస్ ఫైలు అంటారు. దాంతోపాటు ఎల్‌ఎం-79 (దీపం వెలుగు కొలిచేది), ఎల్‌ఎం-80 (ఎల్‌ఈడీ వెలుగు కాలంతో ఎంత తగ్గుతుందో చూసేది) పరీక్షల రిపోర్టులు, నీళ్ళూ దుమ్మూ చొరబడకుండా ఐపీ 66, పిడుగుల సర్జ్ తట్టుకోవడానికి 10 కేవీ రక్షణ, 5 ఏళ్ళ వారంటీ. ఈ ఫైలు ఇవ్వలేని వాడి దీపం కొనకండి.

సూత్రం లొంగని చోట్లు కొన్ని ఉంటాయి, అక్కడ మనసు పెట్టాలి. మలుపులో స్తంభాలు బయటివైపు ఉండాలి, దూరం తగ్గించాలి. అప్పుడే మలుపు ఆకారం దూరంనుంచి డ్రైవరుకి తెలుస్తుంది. జీబ్రా క్రాసింగ్ దగ్గర దీపం సరిగ్గా గీతల మీద కాకుండా, వాహనం వచ్చే వైపు కొన్ని మీటర్లు ముందుండాలి. అలా అయితే దాటే మనిషి ఒంటి మీద, డ్రైవరుకి కనబడే పక్కన వెలుగు పడుతుంది. డివైడర్‌లో ఉన్న ఒక్క స్తంభం రెండువైపులా ఆ పని చేయలేదు కాబట్టి ఫుట్‌పాత్ మీద వేరే పొట్టి స్తంభాలు వేయండి. పెద్ద సెంటర్లో హైమాస్ట్ (చాలా ఎత్తైన దీపాల స్తంభం) వేస్తే దీపాల చట్రం కిందికి దిగే విధంగా విన్చ్ (తాడు చుట్టే యంత్రం) ఉండాలి, ఆ విన్చ్ తిప్పడం మీ మనుషులకి నేర్పించాకే బిల్లు పాస్ చేయండి.

స్తంభం రోడ్డు అంచుకి మరీ ఆనకూడదు. కెర్బ్ (రోడ్డు అంచున కట్టే గట్టు) ఉన్నచోట దాని అంచుకి కనీసం 30 సెంటీమీటర్లు, వీలైతే 60 వదలాలి. కెర్బ్ లేని రోడ్డులో తారు అంచుకి 1.5 మీటర్లు. ఇవి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలతలు. దీపం తల వంపు 10 డిగ్రీలు దాటనివ్వకండి. బజ్జీల బండి ఆవిడ మాట గుర్తుంది కదా.

గాలి సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో తీరం దాటినప్పుడు నగరంలో స్తంభాలు ఎలా ఒరిగాయో చూసినవాళ్ళు మరిచిపోలేరు. ఆ తర్వాతే అక్కడ ఊరంతటికీ ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి. గాలి భారం లెక్కకి వాడే ఐఎస్ 875లో విశాఖకీ విజయవాడకీ మూల వేగం సెకనుకి 50 మీటర్లు, హైదరాబాదుకి 44. మీ ఊరి అంకె చూసి స్తంభం మందం, పునాది, బోల్టులు లెక్క కట్టించండి. ఆ లెక్కలో దీపంతోపాటు రేపు తగిలించబోయే అలంకారం బొమ్మల వైశాల్యం కూడా చేర్చండి. ఇది చాలామంది మరిచిపోతారు. శంఖం, తామర బొమ్మలు గాలికి తెరచాపల్లా పనిచేస్తాయి.

కరెంటు ఎటునుంచి, ఏ కేబుల్‌తో

30 మీటర్ల చొప్పున రెండు కిలోమీటర్లకి 68 స్తంభాలు, 136 దీపాలు, మొత్తం 12 కిలోవాట్ల పైచిలుకు. దీపాలన్నిటికీ కరెంటు ఇచ్చే కంట్రోల్ పెట్టె ఎక్కడ పెట్టాలన్నది ఇక్కడ తేలాలి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరుంది కదా అని ఒక చివర పెట్టేస్తుంటారు. మధ్యలో పెడితే ఒక్కోవైపు ఒక కిలోమీటరే, ఫేజ్‌కి (సరఫరాలో ఉండే మూడు లైన్లలో ఒక్కోదానికి) దాదాపు 9 ఆంపియర్లు. 16 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కేబుల్‌తో చివరి దీపం దగ్గర వోల్టేజీ 10 వోల్టుల దాకా తగ్గుతుంది, పర్వాలేదు. 10 స్క్వేర్ ఎంఎం వేస్తే 16 వోల్టులు తగ్గుతుంది. అదే పెట్టె ఒక చివర పెడితే కరెంటూ రెట్టింపు, దూరమూ రెట్టింపు, వోల్టేజీ తగ్గుదల నాలుగింతలు. 16 స్క్వేర్ ఎంఎం కేబుల్‌లోనే 40 వోల్టులు పోతాయి. ఎల్‌ఈడీ డ్రైవర్ (దీపానికి కరెంటు సరిచేసి ఇచ్చే పరికరం) ఆ తక్కువ వోల్టేజీకి కూడా దీపాన్ని వెలిగించొచ్చు, కానీ చివర్లో షార్ట్ అయితే ఎంసీబీ (కరెంటు మితిమీరితే తెంపేసే స్విచ్చి) పడటానికి చాలినంత కరెంటు రాదు.

దీపాలు మూడు ఫేజులకి వంతులవారీగా పంచండి. మూడు ఫేజులని ఆర్, వై, బీ అంటారు: మొదటి స్తంభం ఆర్, రెండోది వై, మూడోది బీ, మళ్ళీ ఆర్. ఒక ఫేజ్ పోతే ప్రతి మూడో స్తంభమే ఆరుతుంది, రోడ్డు నడవడానికి పనికొస్తుంది. వరసగా ఇరవై స్తంభాలు ఒకే ఫేజ్ మీద వేస్తే ఫ్యూజు పోయిన రాత్రి ఆ అరకిలోమీటరు మొత్తం గుడ్డి చీకటి.

కేబుల్ భూమిలో 75 సెంటీమీటర్ల లోతున, కింద ఇసుక, పైన ఇటుకలు, ఆ పైన హెచ్చరిక టేపు. రోడ్డు అడ్డంగా దాటే ప్రతిచోటా పైపులో వేయండి, పక్కన ఇంకో ఖాళీ పైపు కూడా పడేయండి. ఆ ఖాళీ పైపు ఖర్చు ఇవాళ కొద్దిగా, రేపు తారు కోయాలంటే ఎంతో.

ఇన్ని దీపాలు రాత్రికి 12 గంటలు వెలిగితే 147 యూనిట్లు, ఏడాదికి 53 వేలకి పైన. అర్ధరాత్రి నుంచి ఐదింటి దాకా సగానికి మసకబారేలా ఎల్‌ఈడీ డ్రైవర్లు, టైమర్ పెట్టుకుంటే ఏడాదికి 11 వేల యూనిట్లు మిగులుతాయి. మసకబార్చండి గానీ ఒకటి విడిచి ఒకటి ఆర్పకండి. ఆర్పితే అతి తక్కువ వెలుగు సగటులో 0.4 వంతుండాలన్న లెక్క కూలిపోతుంది. ఆసుపత్రి ముందు, క్రాసింగుల దగ్గర దీపాలు తెల్లారే దాకా పూర్తిగా వెలగాలి.

ఎర్తింగ్

ఈ ఒక్క సంగతి నిదానంగా చదవండి.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ఊళ్ళో ఉత్సవానికి స్తంభాలకి రంగు దీపాల తీగలు చుట్టించాం. తీగలని కదలకుండా పట్టుకోవడానికి ఇనుప క్లాంపులు బిగించారు. ఉత్సవం అయిపోయింది, తీగలు అలాగే ఉంచారు. మొదటి వాన పడిన రాత్రి క్లాంపు అంచుకి కోసుకుపోయిన తీగ నుంచి స్తంభానికి కరెంటు వచ్చింది. పొద్దున్నే వెళ్ళేసరికి ఒక ఆవు స్తంభానికి ఆనుకుని నీళ్ళలో పడివుంది, పక్కనే దూడ. ఆ స్తంభం పక్కనుంచే స్కూలు పిల్లలు వెళ్ళే దారి. తవ్వి చూస్తే ఎర్త్ తీగ మట్టిలో ఉంది, స్తంభానికి మాత్రం బోల్టు పడలేదు. ఎం బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) “ఎర్తింగ్ పూర్తి” అని రాసి సంతకం పెట్టింది నేను. ఆ తర్వాత ఏ ఒక్క స్తంభాన్నీ నా చేత్తో ముట్టుకుని చూడకుండా సంతకం పెట్టలేదు.

స్తంభం దగ్గర మట్టిలో ఒక ఎర్త్ పాతితే చాలదు. లెక్క చూడండి. ఆ ఎర్త్ 10 ఓమ్‌లు ఉంటే 230 వోల్టులకి 23 ఆంపియర్లే పోతాయి. పెట్టెలో 32 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, స్తంభం రాత్రంతా కరెంటుతో నిలబడి ఉంటుంది. అందుకే కేబుల్ వెంబడి ఎర్త్ తీగ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి తెగకుండా సాగి కంట్రోల్ పెట్టె దాకా రావాలి. పెట్టెకి విడివిడిగా రెండు ఎర్త్ పిట్లు, ప్రతి స్తంభానికీ దాని సొంత ఎర్త్, చివరి స్తంభాల దగ్గర మళ్ళీ పైపు ఎర్తింగ్. స్తంభానికి ఉన్న చిన్న తలుపు వాననీళ్ళు నిలిచే ఎత్తుకి పైన ఉండాలి, తాళం ఉండాలి. మెగ్గర్‌తో (కేబుల్ తొడుగు ఎంత గట్టిదో కొలిచే మీటరుతో) కేబుల్‌ని, ఎర్త్ టెస్టర్‌తో ప్రతి స్తంభాన్నీ కొలిచి స్తంభం నంబరు వారీగా పట్టీ రాయించుకోండి. కాంట్రాక్టరు తెచ్చిన పట్టీలో పది నంబర్లు మీరే ఎంచుకుని మళ్ళీ కొలవండి.

ఇప్పుడు డెకరేషన్

రోడ్డు దీపాలు పూర్తయి వెలిగాకే ఇది. డబ్బు తక్కువైతే కోయాల్సింది కూడా దీన్నే, ఎర్తింగ్‌ని కాదు.

స్తంభాల చుట్టూ మూడు రంగుల తీగ చుట్టడం ఇప్పుడు ప్రతి ఊళ్ళో కనబడుతుంది. ఒక్క వానాకాలం దాటగానే సగం వెలిగి సగం ఆరిపోయి వేలాడుతుంటుంది. అంతకంటే ఒకటి రెండు చోట్లు ఎంచుకుని బాగా చేయండి: పాత గడియార స్తంభం, చెరువు కట్ట, గుడి గోపురం, ఊరి ముఖద్వారం. హైదరాబాదులో 2020 సెప్టెంబరులో మొదలైన దుర్గం చెరువు తీగల వంతెన చూడండి, రంగు వెలుగు తీగల మీద, నీళ్ళ మీద ఉంది, రోడ్డుకి రోడ్డు దీపాలు వేరే ఉన్నాయి. రాతి కట్టడానికి ఒకే వెచ్చటి రంగు, కిందినుంచి పక్కవాటంగా వేస్తే చెక్కడాలు లేచి నిలబడతాయి. చెట్లకి మేకులు కొట్టకండి. పిట్టలు గూళ్ళు పెట్టుకున్న చెట్లని వదిలేయండి.

కొన్ని నియమాలు మాత్రం పట్టుగా ఉంచుకోండి. డెకరేషన్‌కి కంట్రోల్ పెట్టె నుంచే వేరే కేబుల్, వేరే మీటరు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపేసే స్విచ్చి). అది ట్రిప్ అయినా రోడ్డు దీపం ఆరకూడదు. మనిషి చెయ్యి అందే ఎత్తులో 230 వోల్టుల తీగ ఉండకూడదు, 24 వోల్టుల దీపాలే వాడండి. సిగ్నల్ కనబడే దూరంలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వద్దు. మెరిసి ఆరే దీపాలు డ్రైవరు కంటికి ఎదురుగా వద్దు. రాత్రి పదకొండుకి టైమర్‌తో ఆగిపోవాలి.

రోడ్డుకి అడ్డంగా తోరణం కట్టాలనుకుంటే కింద కనీసం 5.5 మీటర్ల ఖాళీ ఉండాలి. అది లారీల లెక్క. మన ఊళ్ళలో ఇంకో లెక్క ఉంటుంది. ఆ రోడ్డు మీద వినాయక నిమజ్జనం ఊరేగింపు పోతుందా, రథం పోతుందా, ప్రభ పోతుందా అడగండి. శివరాత్రికి కోటప్పకొండకి ఎనభై అడుగుల పైన ఉండే విద్యుత్ ప్రభలు కట్టుకుని వెళ్ళే ఊళ్ళు పల్నాడులో ఉన్నాయి. అలాంటి దారిలో శాశ్వత తోరణం పెడితే ఏటా దాన్ని కోయాల్సిందే. అక్కడ డివైడర్ మీద విప్పి దించగలిగే బొమ్మలే పెట్టండి. ఊరేగింపు పెద్దలని పిలిచి కొలతలు ముందే తీసుకోండి, వాళ్ళు సంతోషంగా చెబుతారు.

రాత్రి కొలత

బిల్లు చెల్లించే ముందు దుకాణాలు కట్టేశాక లక్స్ మీటరుతో వెళ్ళండి. రెండు స్తంభాల మధ్య రోడ్డు మీద సుద్దతో తొమ్మిది చుక్కలు పెట్టండి: మొదటి స్తంభం దగ్గర మూడు, నడిమధ్యన మూడు, రెండో స్తంభం దగ్గర మూడు. ప్రతిచోటా మూడు అంటే ఈ అంచు, మధ్య, ఆ అంచు. మీటరు నేల మీదే పెట్టి మీ నీడ పడకుండా పక్కకి జరిగి చదవండి. నాలుగు మూలల అంకెలు ఉన్నవున్నట్టు, అంచుల మధ్యలో ఉన్న నాలుగింటిని రెండేసి రెట్లు, నడిమి చుక్కని నాలుగు రెట్లు చేసి అన్నీ కూడి 16తో భాగిస్తే సగటు. తొమ్మిదిలో చిన్న అంకెని ఆ సగటుతో భాగిస్తే కనీసం 0.4 రావాలి. దీపాలు కొత్తవి కాబట్టి సగటు 15కి పైన బాగానే రావాలి, 20 దగ్గర వస్తే మీ లెక్క కుదిరినట్టే. ఇలా కనీసం అయిదారు చోట్ల, అందులో రెండు మీకు అనుమానమున్న చోట్లు.

ప్రతి స్తంభం మీద మనిషి ఎత్తులో నంబరు, ఫిర్యాదు ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. దీపం ఆరితే 48 గంటల్లో వెలిగించాలని, లేకపోతే బిల్లులో కోత పడుతుందని నిర్వహణ ఒప్పందంలో రాయండి. మొదటి వానాకాలం వెళ్ళాక అదే సుద్ద, అదే మీటరు, అదే ఎర్త్ టెస్టర్ పట్టుకుని అవే చోట్లకి మళ్ళీ వెళ్ళి, వచ్చిన అంకెలని పాత పట్టీ పక్క గడిలో రాసుకోండి.